తొమ్మిదో నంబరు భాగం

మెకానికల్ ఇంజనీరింగు విభాగం వారు సంతోషంతో తెలియజేయునది ఏమనగా: ఈ ఏడాది వార్షిక డ్రాయింగులో మొత్తం అరవై మంది విద్యార్థులకు గాను యాభై తొమ్మిది మంది నీటి పంపు బొమ్మను ఏ లోపమూ లేకుండా గీశారు. మిగిలిన ఒక్క అమ్మాయి మాత్రం పంపును చూసి గీసింది.

ఇటువంటి సంఘటన విభాగం చరిత్రలో ఇదే మొదటిసారి. విషయం తీవ్రతను దృష్టిలో పెట్టుకొని, ఆ అమ్మాయిని పాస్ చేయాలా, ఏడాది పాటు ఇంట్లో కూర్చోబెట్టాలా అన్న నిర్ణయాన్ని బయటి నుంచి వచ్చే పరీక్షకుడికి వదిలేశారు. బయటి నుంచి అన్నారే గానీ ఆయన బయటివాడేమీ కాదు. పాతికేళ్ళ కిందట అదే విభాగంలో చదివి, మొదటి ర్యాంకు కొట్టి, ఇప్పుడు ఊరి నీటి సరఫరా సంస్థలో చీఫ్ ఇంజనీరుగా ఉన్న పెద్దమనిషి. ఆఫీసులో అందరూ చీఫ్ గారంటారు. హాస్టల్లో ఉన్న నాలుగేళ్ళూ మాత్రం ఆయన పేరు కిటికీ. మనమూ అలాగే పిలుద్దాం. ఆ పేరు ఆయన సొంతంగా సంపాదించుకొన్నది.

ఎలా సంపాదించాడో చెప్పాలి. ఆ రోజుల్లో ఇంజనీరింగు విద్యకు రెండే రెండు వస్తువులు కావలసి వచ్చేవి. ఒకటి పైబ్యాచ్ వాళ్ళ డ్రాయింగు షీటు, రెండోది ఎండ తగిలే కిటికీ. పాత షీటును అద్దానికి అంటించి, దాని మీద తెల్ల షీటు అంటిస్తే వెనక నుంచి వచ్చే వెలుతురుకు పాత గీతలన్నీ పైకి కనిపిస్తాయి. ఇక వాటి మీద పెన్సిలు తిప్పడమే చదువు. డ్రాయింగు బల్ల, టీ-స్క్వేరు అనే పొడుగాటి కర్ర స్కేలు మొదలైనవి కూడా అందరూ కొనేవారు. బల్ల మీద చొక్కాలు ఇస్త్రీ చేసుకొనేవారు, టీ-స్క్వేరుతో ఫ్యాను బూజు దులిపేవారు. హాస్టల్ మొత్తానికి పెద్ద అద్దమున్న గది మనవాడిది కావడంతో, మధ్యాహ్నం భోజనాలైన దగ్గర్నుంచి పొద్దు వాలేదాకా చంకల్లో షీటు చుట్టలతో వరండా పొడవునా వరస ఉండేది. వరస తప్పినవాడిని "ఏరా, కిటికీ గాడిని అడిగే వచ్చావా?" అని నిలదీసేవారు.

ఇలా ఒకరి మీద ఒకరు దిద్దుకొంటూ పోవడంలో గీత ఏడాదికి ఒక వెంట్రుకవాసి జరిగేది. మన కిటికీ బ్యాచ్ నాటికి ఆరు మూలల నట్టుకు ఏడో మూల మొలిచి ఉంది. దాన్ని ఎవరూ అనుమానించలేదు. పైవాళ్ళు వేశారంటే ఏదో కారణం ఉండే ఉంటుందని సరిపెట్టుకొన్నారు.

మిగతా చదువు కూడా దీనికి తీసిపోయింది కాదు. ల్యాబులో ముందు జవాబు రాసి, ఆ జవాబుకు తగిన కొలతలు తర్వాత పుట్టించేవారు. గది ఉష్ణోగ్రత అన్ని రికార్డుల్లోనూ, అన్ని కాలాల్లోనూ ఇరవై ఏడే. థర్మామీటరు పగిలిన రోజున అది అంతే చూపిస్తూ ఉండిందట. వర్క్‌షాపులో ఏడాది పొడవునా ఒక ఇనుపముక్కను ఆకురాయితో రుద్ది చదరంగా చేయాలి. ఏడాది చివర ఫిట్టరు ఆ ముక్కను జాలిగా చూసి, పక్కకు పడేసి, తన పెట్టెలోంచి సిద్ధంగా ఉన్న చదరం ఒకటి తీసిచ్చేవాడు. ఆ చదరాలన్నీ ఆయన ఉద్యోగంలో చేరిన కొత్తలో చేసినవి. ఇంజన్ల పాఠం చెప్పే మాస్టారు తన పాత నోట్సు చదివిస్తూ, "మిగతాది వెనక పేజీలో" అన్న మాట కూడా చదివేవారు. అరవై మందీ ఆ మాట రాసుకొనేవారు. పరీక్షలో రాయనివాళ్ళకు ఒక మార్కు తగ్గేది.

ఇంతటి పటిష్ఠమైన వ్యవస్థలోకి తొమ్మిదో నంబరు భాగం ఎలా ప్రవేశించిందన్నది లోకంలో ఒక్క కిటికీకి మాత్రమే తెలుసు.

మొదటి ఏడాది, షీట్లు ఇవ్వవలసిన రోజు మధ్యాహ్నం. పంపు బొమ్మకు భాగాలు ఎనిమిది. ఎనిమిదీ దిద్దేశాడు. షీటు బల్ల మీద పరిచి, మురిసిపోతూ, క్యాంటీన్ నుంచి తెచ్చుకొన్న టీ తాగి, ఆ గ్లాసును అలవాటు కొద్దీ చేతికి అందిన చోట పెట్టాడు. తీసి చూస్తే పంపు పక్కన, సగం పంపు మీదా సగం గాలిలోనూ, గుండ్రటి గోధుమరంగు మరక.  రబ్బరుతో రుద్దితే కాగితం లేస్తోంది. ఇంకో షీటు దిద్దే వ్యవధి లేదు, బయట ఎండ తగ్గిపోతోంది. ఏం చేస్తాడు పాపం, కంపాసు తీసి మరక మీద చక్కగా ఒక వలయం గీసి, దాని వెడల్పంతా అడ్డగీతలతో నింపి, పక్కన బాణం గుర్తు వేసి తొమ్మిది అని రాశాడు.

డ్రాయింగు చెప్పే అధ్యాపకుడిని పిల్లలు గీతల మాస్టారు అనేవారు. ఆయన షీట్లను చేతికి అందినంత దూరంలో పట్టుకొని, భాగాలు లెక్కపెట్టి మార్కులు వేసేవారు. లెక్క తొమ్మిది తేలేసరికి కళ్ళజోడు సర్దుకొన్నారు.

"ఇదేంటోయ్?"

"స్థిరత్వ వలయం సార్." ఆ మాట ఎక్కడి నుంచి ఊడిపడిందో కిటికీకి ఈ రోజుకీ తెలియదు.

మాస్టారు షీటును ఇంకాస్త దూరంగా పట్టుకొన్నారు. అటువంటిది ఉందని తనకు తెలియదని ఒప్పుకోవడమా, తెలిసినట్టు ఉండడమా అన్న రెండు దారుల్లో, బోధనానుభవం ఉన్నవాడు కనుక, రెండోది ఎంచుకొన్నారు. మిగతా యాభై తొమ్మిది మంది వైపు తిరిగి, "మరి మీరెందుకు వేయలేదురా దీన్ని? గుడ్డిగా ఎక్కించడం కాదు, అతన్ని చూసి నేర్చుకోండి!" అని చీవాట్లు పెట్టారు. వాళ్ళు ఆ సలహాను అక్షరాలా పాటించారు. మర్నాడు కిటికీ గది ముందు వరస మెట్ల దాకా వచ్చింది.

ఆ తర్వాతి ప్రగతి అంతా చరిత్రే. మరుసటి ఏడాది ప్రశ్నపత్రంలో "స్థిరత్వ వలయం ఉపయోగాలు అయిదు రాయండి" అని వచ్చింది. జవాబు అచ్చు పుస్తకాల్లోకి ఎక్కింది. ఒకటి, పంపుకు స్థిరత్వాన్ని ఇస్తుంది. రెండు, ఇచ్చిన స్థిరత్వాన్ని పోనివ్వదు. మూడు, చూడ్డానికి బాగుంటుంది. నాలుగు, తుడవడం సులువు. అయిదు, పై నాలుగూ. గీతల మాస్టారు దాని మీద పరిశోధన చేసి డాక్టరు పట్టా పుచ్చుకొని, ఆ ఊపులో విభాగాధిపతి అయ్యారు. కిటికీ గీసిన అసలు షీటుకు అద్దం బిగించి తన గది గోడకు తగిలించుకొన్నారు. వర్క్‌షాపులో ఉన్న అసలు పంపుకు ఈ భాగం లేకపోవడం సిగ్గుచేటని భావించి, ఒక వలయం చేయించి ఫిట్టరు చేతికిచ్చారు. "ఎక్కడ బిగించమంటారు సార్?" అని ఫిట్టరు అడిగితే, "బొమ్మలో ఉన్న చోటే" అన్నారు. బొమ్మలో ఉన్న చోట బిగించడానికి గాలి తప్ప ఏమీ లేదు. ఫిట్టరు కాసేపు ఆలోచించి, దాన్ని ఇనుపతీగతో పంపు మెడకు వేలాడగట్టాడు. పంపు వేస్తే అది టకటకా కొట్టుకొనేది. ఆ చప్పుడు స్థిరత్వానికి గుర్తని పుస్తకం రెండో ముద్రణలో చేర్చారు. చప్పుడు భరించలేక పంపుకు ముసుగు కప్పి తాళం వేశారు.

చదువులు పూర్తయి ఆ బ్యాచ్ కుర్రాళ్ళు ఉద్యోగాల్లో చేరాక, కంపెనీ నుంచి కొత్త పంపులు వస్తే తనిఖీ చేసి, "తొమ్మిదో భాగం లేదు" అని తిప్పి పంపడం మొదలుపెట్టారు. రెండుసార్లు తిప్పి పంపించుకొన్నాక కంపెనీవాళ్ళకు బుద్ధి వచ్చింది. వలయం చేసి, దాన్ని పట్టి ఉంచడానికి ఒక కొక్కెం చేసి, కొక్కేనికి ఒక నట్టు బిగించి పంపారు. నట్టుకు ఏడు మూలలు.

కిటికీ సంతకం లేకుండా ఊళ్ళో ఏ పంపూ నీళ్ళు తోడదు. ఉద్యోగంలో చేరిన నాటి నుంచీ వలయం ఉన్న పంపులకే సంతకం పెడుతున్నాడు. ఎన్నోసార్లు చెప్పేద్దామనుకొన్నాడు. మొదట్లో మరీ చిన్నవాడు, ఎవరు వింటారని ఊరుకొన్నాడు. తర్వాత పెద్దవాడయ్యాడు, ఎవరు నవ్వుతారోనని ఊరుకొన్నాడు. ఇంట్లో భార్యకు కూడా చెప్పలేదు. టీ గ్లాసును ఎన్నడూ కాగితం మీద పెట్టని భర్త శుభ్రతను ఆవిడ పక్కింటివాళ్ళకు గొప్పగా చెప్పుకొనేది. అన్నిటికంటే భయంకరమైన సంగతి ఇంకోటి జరిగింది. ఒకసారి ఏదో పంపు ఆగిపోతే, ఆలోచించకుండానే "వలయం సరిగ్గా ఉందా?" అని మెకానిక్‌ను అడిగాడు. "ఉంది సార్" అన్నాడు మెకానిక్. కిటికీ ప్రాణం కుదుటపడింది. ఆ తర్వాత తనెందుకు ఊపిరి పీల్చుకొన్నాడో గుర్తొచ్చి, ఆ పూటంతా ఏ కాగితం మీదా సంతకం పెట్టలేకపోయాడు.

అందుకే విభాగం నుంచి ఉత్తరం వచ్చిన నాటి నుంచీ ఆయనకు అన్నం సయించడం లేదు.

"ఏమండీ, మొహం అలా పెట్టారేంటి? పరీక్ష మీకా, పిల్లలకా?" అంది భార్య, చొక్కా అందిస్తూ.

"ఒక అమ్మాయికి."

"మరైతే ఆ అమ్మాయి మొహం అలా ఉండాలి గానీ, మీకేమొచ్చింది?"

కిటికీ చొక్కా తొడుక్కొని, కారెక్కాడు.

విభాగాధిపతి గది ముందు బల్ల మీద ఒకావిడ కూర్చొని ఉంది. మెడలో కొలత టేపు తీయడం మరిచిపోయి వచ్చింది. ఆ అమ్మాయి తల్లి, బట్టలు కుడుతుంది. కూతురికి పంపుల కంపెనీలో ఉద్యోగం ఖాయమైంది. ఈ నెలలో పాసైన కాగితం చూపిస్తేనే చేర్చుకొంటారు. ఈ పరీక్ష పోతే ఉద్యోగమూ పోతుంది, ఏడాదీ పోతుంది. కిటికీని చూడగానే ఆవిడ లేచి నిలబడింది. ఆయన తల దించుకొని లోపలికి వెళ్ళిపోయాడు.

లోపల గీతల మాస్టారు, ఇప్పుడు జుట్టంతా నెరిసి, ఎదురొచ్చి చేతులు పట్టుకొన్నారు. ఆయన వెనక గోడ మీద అద్దంలో పాతికేళ్ళ నాటి షీటు. పక్కన సాక్షిగా పిలిపించిన ఫిట్టరు. మధ్యలో ఆ అమ్మాయి, చొక్కా చేతికి గ్రీజు మరకతో.

ఆమె షీటు బల్ల మీద ఉంది. కిటికీ దాన్ని చూసి నిట్టూర్చాడు. అంత మంచి డ్రాయింగు ఆయన తన జన్మలో చూడలేదు. ఎనిమిది భాగాలు. నట్టుకు ఆరే మూలలు. కింద చిన్న అక్షరాలతో ఒక గమనిక: "తొమ్మిదో భాగం పంపుకు తీగతో వేలాడుతోంది. తీగ విప్పి నడిపి చూశాను. పంపు నడుస్తోంది. చప్పుడు తగ్గింది."

"ఎందుకమ్మా ఇలా చేశావు?" అన్నారు మాస్టారు, గొంతులో బాధతో.

"కావాలని చేయలేదు సార్. నేనూ అందరితో పాటే కిటికీ దగ్గర వరసలో నిలబడ్డాను. నా వంతు వచ్చేసరికి మబ్బు పట్టింది. వర్క్‌షాపులో పంపు ఉంది కదా, ఒకసారి చూద్దామని వెళ్ళాను."

"ముసుగు తీసిందెవరు?"

"నేనే సార్" అన్నాడు ఫిట్టరు. "ఇన్నేళ్ళ నా సర్వీసులో పంపు చూపించమని అడిగిన మొదటి మనిషి సార్. తాళంచెవి ఎక్కడుందో వెతకడానికే రెండు రోజులు పట్టింది."

మాస్టారు లేచి, చేతులు వెనక్కి కట్టుకొని ప్రసంగం అందుకొన్నారు. "చీఫ్ గారూ, మీరే ఆలోచించండి. చూసి గీయడంలో గొప్పేముంది? చూస్తే ఎవరైనా గీస్తారు. ఈ రోజు పంపును చూసింది. రేపు వంతెనను చూస్తుంది, ఎల్లుండి లిఫ్టును చూస్తుంది. ఇలా ప్రతివాళ్ళూ చూడ్డం మొదలుపెడితే పుస్తకాలేం కావాలి? మేమేం కావాలి? తరతరాలుగా చేతులు మారుతూ వచ్చిన జ్ఞానం ఒక మబ్బు వల్ల తెగిపోవలసిందేనా? తీగ విప్పిందట! స్థిరత్వాన్ని విప్పి పక్కన పెట్టిందండీ ఈ పిల్ల!"

 తలుపు సందులోంచి బయట కూర్చొన్న తల్లి చెప్పులు కనిపిస్తున్నాయి. కిటికీ ఇక తట్టుకోలేకపోయాడు.

"మాస్టారూ, అది టీ గ్లాసు మరక."

"ఏది?"

"తొమ్మిదో భాగం. షీటు మీద టీ గ్లాసు పెట్టాను. మరక పడింది. కప్పిపుచ్చడానికి గీత గీశాను. కావాలంటే ఆ అద్దం విప్పి వెనక్కి తిప్పి చూడండి."

విప్పారు. తిప్పారు. కాగితం వెనక గుండ్రంగా, గోధుమరంగులో, పాతికేళ్ళ టీ మరక పదిలంగా ఉంది. ఫిట్టరు నోటికి గుడ్డ అడ్డం పెట్టుకొన్నాడు.  మాస్టారు షీటును చేతికి అందినంత దూరంలో పట్టుకొని చాలాసేపు చూశారు. ఆ తర్వాత దాన్ని మెల్లగా బల్ల మీద పెట్టి, గొంతు తగ్గించారు. అప్పటిదాకా ఉన్న చీఫ్ గారు అన్న పిలుపు గాలికి పోయింది.

"ఒరేయ్ కిటికీ. బాగా ఆలోచించుకొనే చెబుతున్నావా? అది మరకే అయితే, దాని మీద ఉన్న నా డాక్టరు పట్టా ఏమిటి? పాతికేళ్ళ బ్యాచ్‌ల మార్కులేమిటి? సరే, మమ్మల్ని వదిలెయ్. నీ మొదటి ర్యాంకు ఏమిటి? ర్యాంకు చూసిచ్చిన ఉద్యోగమేమిటి? ఊళ్ళో పంపులన్నిటికీ నువ్వు పెట్టిన సంతకాలేమిటి? ఇప్పుడు చెప్పు. అది మరకా?"

 కిటికీ ముందు మార్కుల ఫారం ఉంది. "తొమ్మిదో భాగం గీసెనా?" అన్న గడి ఎదురుగా "లేదు" అని ఉంటే పాస్ చేయరాదని కింద అచ్చు వేసి ఉంది. ఆ గడిని కొట్టేసి, పక్కన పాస్ అని రాసి సంతకం పెట్టే అధికారం బయటి పరీక్షకుడికి పూర్తిగా ఉంది. కలం మూత తీశాడు. కలం కాగితం దాకా వెళ్ళింది. వెళ్ళి అక్కడే ఆగిపోయింది.

"అమ్మా," అన్నాడు చివరికి, అమ్మాయి వైపు చూడకుండా. "ఒక్క వలయమే కదా. వేసెయ్. నీ ఏడాది నీకు దక్కుతుంది."

ఆ మాట అంటుంటే ఆయనకు సిగ్గేసింది. మామూలు సిగ్గు కాదు, భూమి చీలితే బాగుండుననిపించే సిగ్గు. సిగ్గుపడుతూనే తన కంపాసు తీసి ఆమెకు అందించాడు.

అమ్మాయి తలుపు వైపు చూసింది. తల్లి చెప్పుల వైపు చూసింది. కంపాసు అందుకొని, ముల్లు కాగితం మీద గుచ్చి, తల ఎత్తింది.

"వ్యాసం ఎంత సార్?"

 ఇన్నేళ్ళుగా దిద్దారే తప్ప ఎవరూ కొలవలేదు. అసలు షీటు మీద కొలుద్దామంటే, అమ్మాయి ఒప్పుకోలేదు. అది సాగిన కాగితం, వర్షాకాలంలో ఉబ్బి ఉంటుంది, సరైన కొలత కావాలంది. ఫిట్టరు వర్క్‌షాపుకు వెళ్ళి, తను మేకులు వేసుకొనే పాత క్యాంటీన్ గ్లాసును, మేకులు ఒంపేసి, తుడిచి తెచ్చాడు. ఆ కాలం నాటి గ్లాసే.

"పై వ్యాసమా, కింది వ్యాసమా సార్?" అంది అమ్మాయి.

"కిందిదమ్మా. గ్లాసు బోర్లించలేదు" అన్నాడు కిటికీ, నేల చూపులు చూస్తూ.

గీతల మాస్టారి మొహం వికసించింది. చిన్న పుస్తకం తీసి "బోర్లించరాదు" అని రాసుకొన్నారు. అమ్మాయి గ్లాసు అడుగును మూడుసార్లు కొలిచి, మూడింటి సగటు తీసి, వలయం గీసింది. విభాగం చరిత్రలో అంత కచ్చితమైన తొమ్మిదో భాగాన్ని ఇంతవరకూ ఎవరూ గీయలేదని, దీని ఆధారంగా మరో పరిశోధనకు అవకాశముందని మాస్టారు ప్రకటించారు. గమనిక చెరిపేశారు. కిటికీ సంతకం పెట్టాడు.

బయట తల్లి కూతురి చెయ్యి పట్టుకొంది. "పాసయ్యావా?"

"అయ్యానమ్మా."

"బాగా గీశావా?"

"ముందు బాగా గీశాను. తర్వాత పాసయ్యాను."

ఆవిడకు సగమే అర్థమైంది. అయినా కళ్ళు తుడుచుకొని, లోపలున్న పెద్దలందరికీ గుమ్మం దగ్గర్నుంచే దణ్ణం పెట్టింది. కిటికీ ఆ దణ్ణం తీసుకోలేక, గోడ మీద షీటు ఉండిన ఖాళీ వైపు తిరిగి నిలబడ్డాడు.

ఈ ఏడాది ఉత్తీర్ణత నూటికి నూరు శాతమని తెలియజేయుటకు విభాగం గర్విస్తోంది. ఇకపై ఇటువంటి అసౌకర్యం కలగకుండా వర్క్‌షాపు పంపు ముసుగుకు చుట్టూ వెల్డింగు చేయించాము. మబ్బు పట్టిన రోజుల కోసం కిటికీల వద్ద దీపాలు పెట్టించాము. పాఠకులు ఇది చదివి హాయిగా నవ్వుకొంటున్నారని మాకు తెలుసు, సంతోషం. రేపు ఆఫీసుకు వెళ్ళాక, మీరు రోజూ నింపే ఫారంలో ఎందుకుందో తెలియని గడి ఒకటి ఉంటుంది, ఒకసారి చూడండి. అందులో మీకంటే ముందు ఆ కుర్చీలో కూర్చొన్నాయన ఏం రాసేవాడో మీరూ అదే రాస్తున్నారు. అది ఎందుకుందో ఎవరినైనా అడగండి. అడగరని మాకు నమ్మకం ఉంది కనుక, మీ పేరు ఎదురుగా కూడా పాస్ అని రాసేశాము.